గోదాకు మజ్జిగ

సిద్బా పారతో కుస్తీ గోదాలోని ఎర్రమట్టిని తిరగేస్తున్నాడు. అడుగున ఉన్న చల్లటి మన్ను పైకి రావాలి, లేకపోతే పడ్డవాడికి బండమీద పడ్డట్టే ఉంటుంది. గడ్డలను మడమతో నలిపి, పసుపు చల్లి, నూనె చిలకరించాడు. ఇంటినుంచి తెచ్చిన మజ్జిగచెంబును గట్టుమీద పెట్టాడు. పగలంతా అక్కడే బాగా పులిస్తే సాయంకాలం మట్టికి పోస్తాడు.

అతని చెవులు రెండూ నలిగి ముద్దలైపోయాయి. వయసులో జాతర కుస్తీలు పట్టి సంపాదించినదల్లా అవే. తర్వాత బతుకంతా కొల్హాపూరులోని ఈ తాలింఖానాలో మట్టిసేవ. ఓడినవాడి వీపుకు అంటుకునే మట్టీ, గెలిచినవాడు నుదుట రాసుకునే మట్టీ తాను కలిపినవే గనుక ప్రతి కుస్తీలోనూ తనకు వాటా ఉందనుకునేవాడు. పైకి అంటే నవ్వుతారని అనలేదు.

సాధన అయ్యాక తాలింఖానా నడిపే రాణోజీ వస్తాదు వచ్చి గట్టుమీద కూర్చున్నాడు. చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. సిద్బాకు సంగతి ముందే తెలుసు. వేసవంతా టీకొట్టులో అదే రచ్చ. బల్లమీద బంతాటకు దేశదేశాలు ఆడే పెద్ద ఆటల్లో చోటుంది, చక్రాల పలకమీద దొర్లేవాడికి చోటుంది, మట్టికుస్తీకి లేదు. అక్కడ కుస్తీ అంతా మెత్తటి మ్యాట్ మీదే. ఈ మట్టిలోనే పెరిగిన వస్తాదు శిష్యుడు హిందురావు పోయినేడు జట్టు ఎంపికలో మ్యాట్ మీద కాలు నిలవక ఓడిపోయాడు. ఉన్న గది ఒక్కటే, మ్యాట్ పరవాలంటే మట్టి తీయాల్సిందే.

"రేపు పొద్దున లారీ వస్తుంది సిద్బా. మన్ను ఎత్తించేస్తున్నా. నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వేం చేస్తావులే. పిల్లోడు గెలవాలి గదా" అన్నాడు సిద్బా. నడుం లాగేస్తోంది, ఈ పూట మట్టిలో పడుకుంటానన్నాడు. ఒళ్ళు నొచ్చిన పహిల్వాన్లను మెడదాకా ఆ మట్టితో కప్పడం అక్కడి వైద్యం. వస్తాదు తలూపి, అటు తిరిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం హిందురావే వచ్చి మట్టి కప్పాడు. అరచేతులతో ఛాతీమీద మెల్లగా అదిమాడు.

"నెమ్మదిరా. పూడ్చిపెడుతున్నావా ఏంటి?"

"మామా, ఇదంతా నావల్లే గదా."

"నీవల్లేం కాదు. ఎంపికై ఆటలకు పో." సిద్బా కళ్ళు మూసుకున్నాడు. "అవునూ, అక్కడ గోదాలోకి దిగేముందు నుదుటికేం రాసుకుంటావురా?"

హిందురావు అతని మెడకింద మట్టి సర్ది వెళ్ళిపోయాడు.

సాయంకాలం హిందురావు ఫోనులో వార్త వచ్చింది. ఈసారి పెద్ద ఆటల పట్టికలోంచి కుస్తీనే తీసేశారట, ఖర్చు తగ్గించుకోవడానికట. హిందురావు రెండుసార్లు చదివి మెట్టుమీద కూలబడ్డాడు. చిన్నప్పటినుంచి ఆ ఒక్క ఆశతోనే ఒళ్ళు హూనం చేసుకున్నాడు. వస్తాదు లారీవాడికి ఫోను చేసి రావద్దన్నాడు. మామకైనా చెబుదాం, ఒక్కడైనా సంతోషిస్తాడని హిందురావు కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచాడు.

"మామా, లారీ రావట్లేదు. మట్టి ఇక్కడే ఉంటుంది."

సిద్బా పలకలేదు. ఊపిరాడే మనిషి ఛాతీమీద మట్టి కాసేపటికే బీటలు వారుతుంది. ఇక్కడ హిందురావు అరచేతుల గుర్తులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అతను మోకాళ్ళమీద కూలి, ఆ గడ్డానికంటిన మట్టిని తుడవబోయి, తుడవలేక చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

గట్టుమీద చెంబులో మజ్జిగ పులిసి, పోసే చెయ్యి లేక అలాగే ఉంది.