నా రెండు పిడులూ ఒక్కడికే

నేను ఒక చెట్లు కోసే మిషన్ని. అదీ చవక రకం. నా ఇంజను ఎక్కడో దూరదేశంలో పోతపోశారు. పళ్ల గొలుసు ఇంకెక్కడో కూర్చారు. చివరికి తొందరలో ఉన్న మనిషెవరో నా నడుం మీద పేరు స్టిక్కరు వంకరగా అంటించాడు. తుని బజారు దుకాణంలో నన్ను ఒక ఖరీదైన మిషను పక్కన నిలబెట్టారు. వచ్చినవాళ్లంతా ముందు దాని ఒళ్లు నిమిరి, ధర విని, ఆ తర్వాత నావైపు తిరిగేవారు. ఇంజను ఒక్కసారైనా స్టార్టు కాకముందే అసూయ నాకు అలా అబ్బింది.

నన్ను కొన్నవాడు నూకరాజు. మీసాలు రాని రోజుల నుంచీ అన్న సన్యాసిరావుతో కలిసి చెట్లు కోసి బతికినవాడు. దుకాణదారు చెప్పినవన్నీ బుద్ధిగా విన్నాడు. పెట్రోలులో ఆయిలు కలిపేవాడు, గాలి వడపోసే స్పాంజి కడిగేవాడు, పళ్లకు ఆకురాయితో పదును పెట్టేవాడు. ఆ మాట చెప్పకపోతే నాకే పాపం. గొలుసుకు మాత్రం మోటారుసైకిలు నుంచి దించిన నల్ల ఆయిలు పోసేవాడు. గొలుసు తిరిగే పట్టీని బిగించే నట్టు మరలు అరిగితే, కొత్తది కొనకుండా సుత్తితో కొట్టి కూర్చోబెట్టాడు. "ఇంక ఊడదు" అని మురిసిపోయాడు. నిజమే, అది మళ్లీ ఊడలేదు.

ఆ ఇంటి గోడ మీద దాన్ని చూశాను. మనిషి పొడుగు రంపం. రెండు చివర్లా రెండు చెక్కపిడులు, చేతుల చెమటకు నునుపు తేలి ఉన్నాయి. ఇద్దరు లాగితేనే కదిలేది. నేను వచ్చిన రోజే దానికి పని పోయింది. దానితోపాటు సన్యాసిరావుకూ పోయింది. నాకూ రెండు పిడులున్నాయి గానీ, రెండూ ఒకే మనిషికి.

సన్యాసిరావు గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు.

"బాగుందిరా. ఇంక నీకు ఆ చివర మనిషి అక్కర్లేదు."

తమ్ముడు ఏదో ఒకటి అనాల్సింది. నా పెట్రోలు మూత బిగిస్తూ ఉండిపోయాడు. అన్న వెళ్లిపోయి, ఊరి పక్క పారే గెడ్డ అవతల జీడితోటకు కాపలా కుదిరాడు. మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు.

గెలిచాననుకున్నాను. పని మానేసే అమావాస్య రాగానే నూకరాజు రంపాన్ని గోడ నుంచి దించాడు, ఒళ్లో పెట్టుకున్నాడు, పళ్లకు ఆముదం రాశాడు. పని లేనిదానికి ఆముదం, పొద్దంతా చెట్లు కోసే నాకు కాలిన నల్ల ఆయిలు! దసరాకు దానికి ఒళ్లంతా పసుపు రాసి బొట్లు పెట్టారు. నాకూ పెట్టారు లెండి, పెట్రోలు మూత మీద. గంటలో కరిగి కారిపోయింది. వీటన్నిటినీ ఓర్చుకున్నాను. ఓర్వలేనిది ఒకటుంది. ఆముదం రాస్తూ రాస్తూ అన్న పిడి దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగేది. నా మీద ఆ చెయ్యి ఎప్పుడూ అలా ఆగలేదు.

"ఆ ఆముదం నా తలకి రాసినా జుట్టు పెరుగును. బావగార్ని పిలవరాదా?" అనేది అతని భార్య వరహాలమ్మ.

"పిలిత్తే వత్తాడేటి? అక్కర్లేదని ఆడే అన్నాడు కదే."

"ఆయనన్నాడు సరే. నువ్వేటన్నావు?"

నూకరాజు నన్ను దగ్గరికి లాక్కుని గొలుసు బిగించేవాడు.

కార్తీకంలో తుపాను వచ్చింది. పెద్ద నిద్రగన్నేరు చెట్టు గెడ్డకు అడ్డంగా కూలింది. మొదలు ఈ గట్టు మీద, తల ఆ గట్టు మీద. నీళ్లు వెనక్కి ఎగదన్ని పొలాల్లోకి పారుతున్నాయి. నూకరాజు నన్ను స్టార్టు చేసి దుంగ మధ్యలో దించాడు. ఇద్దరూ కోసే రోజుల్లో రంపం కాస్త దిగగానే సన్యాసిరావు మొలలోంచి చెక్కచీల తీసి కోతలో దిగ్గొట్టేవాడట, దుంగ కుంగినా కోత మూసుకోకుండా. అది ఆ చివర మనిషి పని. ఇప్పుడు ఆ మనిషి లేడు, చీల సంగతి తమ్ముడికి తోచలేదు. నేను సగం దిగేసరికి దుంగ కుంగింది. కోత నోరు మూసుకుంది. నా పట్టీ లోపల చిక్కుకుని, గొంతు ఆగిపోయింది.

నూకరాజు లాగాడు, తన్నాడు, నా పుట్టుకను తిట్టాడు. పట్టీ వదిలేసి ఇంజనైనా ఊడదీద్దామంటే ఆ సుత్తిదెబ్బల నట్టు కదిలితేనా! నీళ్లు నా అడుగు తాకుతున్నాయి. నేను పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు.

"మిషన్ని తియ్యడానికి ఇంకో మిషను తెత్తావేటిరా నూకరాజూ?" గట్టు మీద ఎవరో నవ్వారు.

అతను ఇంటికి పరిగెత్తి రంపం తెచ్చాడు. నా పక్కనే దుంగ మీద పెట్టి ఒక్కడే లాగబోయాడు. రంపం వంకర్లు తిరిగింది. అవతలి పిడి గాలిలో ఊగింది.

అప్పుడు అవతలి గట్టు మీద సన్యాసిరావు కనిపించాడు.

"నీ మిషను మోత ఆగి మళ్లీ లేవలేదు. చిక్కడిపోయిందనుకున్నాను" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ జీడితోటలో కూర్చుని నా మోత వింటూనే ఉన్నాడన్నమాట. వచ్చాడు గానీ దుంగ మీద కాలు పెట్టలేదు. నిలబడ్డాడు.

నూకరాజు తల ఎత్తాడు.

"నాకు ఆ చివర మనిషి కావాలి, అన్నా. ఆ రోజే అనవలసింది."

సన్యాసిరావు లుంగీ ఎగగట్టాడు. మొలలో చెక్కచీల ఉంది. పని పోయినా చీల పోలేదు.

"తొయ్యకు. లాగడమే నీ పని. నేను లాగినప్పుడు చెయ్యి వదులు చెయ్యి. మర్సిపోయావేటి?"

"ఒక్కడినే కోసి కోసి పాడైపోయాన్రా బాబూ!"

"అన్నని రా అంటావేట్రా?"

ఇద్దరూ నవ్వారు. రంపం పాడటం మొదలుపెట్టింది. ఒకడు లాగుతుంటే రెండోవాడు చెయ్యి వదులు చేస్తున్నాడు. నేను చిక్కుకున్న చోటి నుంచే అదంతా చూశాను. కుళ్లుకుని చచ్చాను. దుంగ ఫెళ్లున విరిగి నేను నీళ్లలోకి జారుతుంటే, వెనక పిడి దొరకబుచ్చుకున్నవాడు సన్యాసిరావే. తన పని పోగొట్టినదాన్ని అలా పట్టుకున్నాడు.

ఆ తర్వాత చాలా చెట్లు కోశాం. నేను కోసేదాన్ని, ఆయన చీల కొట్టేవాడు. ఇప్పుడు నా పిస్టను అరిగిపోయింది. నాలాంటివాటికి సామాను దొరకడం లేదు. పాత ఇనుము వాడు అడిగితే వరహాలమ్మ ఇవ్వనంది. గోడకు, రంపం కింద మేకుకు వేలాడుతున్నాను.

అమావాస్యకు అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని, రంపాన్ని ఇద్దరి ఒళ్లలోనూ పరిచి ఆముదం రాస్తారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పని అయ్యాక సన్యాసిరావు లేచి, చేతికి మిగిలిన జిడ్డు తుడుచుకోవడానికి గుడ్డ కోసం చూస్తాడు. గుడ్డ ఆయన భుజం మీదే ఉంటుంది. అయినా వచ్చి నా వెనక పిడికే తుడుస్తాడు.

అది మిగిలిన ఆముదమే. నాకు తెలుసు.