చెల్కలో వరి

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బియ్యానికి గిరాకీ పెరిగిందని తొండుపల్లి దొర తెనాలి వైపు నుంచి దశరథం అనే రైతును పిలిపించి భూముల పెత్తనం అప్పజెప్పాడు. తొలకరి పడగానే దశరథం కౌలుదార్లందరినీ వానాధారపు చెల్కలను మళ్లు కట్టి వరి వేయమన్నాడు.

రాములమ్మ ఒక్కతే వినలేదు. భర్త పోయినప్పటి నుంచి మూడెకరాల ఎర్రచెల్కను ఒంటరిగా సాగుచేస్తోంది. ఎప్పటిలాగే జొన్న, సాళ్ల మధ్య కంది వేసింది. పైరు జానెడు లేచాక దశరథం వచ్చి చూశాడు.

"ఇంకా జొన్నలేమిటమ్మా? మా వైపు చూడు, ఏటా రెండు పంటలు!"

"మీ దిక్కు కాలువ పారుతది అయ్యా. గీడ మొగులు దిక్కు జూడాలె."

"బావులు లోతు చేయిద్దాం."

"ఈ యేడు నీళ్లన్నీ తోడుకుంటే, వచ్చే యేడు ఊరు ఏం తాగుతది?"

దశరథం వెళ్లిపోయాడు. మరునాడు అరకలు పంపాడు. సగం చేను దున్నేసరికి రాములమ్మ పరుగున వచ్చి ఎడ్ల ముందు కూర్చుంది. ముందు అరక తోలుతున్న సోమయ్య ఆమెకు మరిది వరస.

"లే వదినె, గడీకి గుంజుకపోతరు."

"పోనీ. ఆడ గూడ గిదే చెప్త. తోలు, నా మీదికెల్లి తోలు!"

సోమయ్య ఎడ్లను మళ్లించుకుపోయాడు.

దొర గడీ ముందు ఆమెను పొద్దు వాలేదాకా ఎండలో నిలబెట్టారు. "తప్పయిందని చెప్పు" అన్నాడు దొర.

"తప్పు జెయ్యలే. చెప్ప."

వచ్చే యేడు భూమి ఇవ్వనన్నాడు దొర. ఆమె దండం పెట్టకుండానే ఇంటికి నడిచింది.

ఆ యేడు పుబ్బ కార్తెలో చినుకు రాలలేదు. బావులు అడుగంటాయి, ఊరంతా వరి పొట్ట మీదే ఎండిపోయింది. రాములమ్మకు మిగిలిన సగం చేనులో జొన్న పలచగానే వచ్చింది. కంది మాత్రం చలికాలం దాకా నిలిచి కాసింది.

దశరథం ఊరి కోసం కంది విత్తనం అడగడానికి వచ్చాడు. చెప్పులు గట్టు మీదే విడిచాడు.

"ఇస్త" అంది ఆమె. "గని తప్పెవరిదో దొరకు నువ్వే చెప్పాలె. నలుగురి ముందట."

దశరథం చెప్పాడు. దొర మొహం ముడుచుకున్నాడే గాని భూమి ఇస్తున్నాననలేదు. రాములమ్మ అడగలేదు కూడా. మిరుగు కార్తె తొలకరి రాగానే అరక కట్టించి మూడెకరాలూ తన పద్ధతిలోనే విత్తింది. ఆపడానికి ఎవరూ రాలేదు.