నాలుగో గాస్కెట్

మా ట్రక్కు మా పెళ్లి కంటే పదకొండేళ్లు పెద్దది. ఆరోగ్యం మాత్రం రెండింటిదీ ఒకటే. ఈ ఏడాది దాని హెడ్ గాస్కెట్ నాలుగోసారి పోయింది. ఇంజన్ తలకీ మొండేనికీ మధ్య ఉండే పల్చటి రేకు అది. నీళ్లు నూనెలో కలవకుండా చూడటమే దాని ఉద్యోగం. మాకు దొరికిన ప్రతి రేకూ మూడు నెలలు తిరక్కుండానే రాజీనామా ఇచ్చింది.

మొదటిసారి మా ఆయనే స్వయంగా మార్చారు. రెండోసారీ ఆయనే, మొదటిసారి అంత బాగా కుదిరింది మరి! మూడోసారి పక్కనే నిలబడి, "మీ హస్తవాసికి ఇంజన్ దండం పెడుతోంది, చూడండి" అన్నాను. ఆ మనిషికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

నాలుగోసారి సరిగ్గా తొంభై పెట్టెల టమాటాలు ఎక్కించాక పోయింది. మర్నాడు మధ్యాహ్నంలోగా సాస్ ఫ్యాక్టరీకి చేరకపోతే సరుకు తీసుకోరు. కోతల రోజులు, అద్దెకి బండి దొరకదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నోరు లేస్తుంది. "చేతకాని పనులు నెత్తినేసుకోవడం ఈయనకి సరదా" అని, కబురందుకుని వచ్చిన మెకానిక్ ముందే అనేశాను.

అతను హెడ్ విప్పి, దానిమీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెనకనుంచి టార్చి వేశాడు. స్కేలు కింద వెలుతురు కనిపించింది.

"హెడ్డు వంగిపోయింది. దీనిమీద బంగారు గాస్కెట్ వేసినా ఆగదు. సార్ బిగింపు భేషుగ్గానే ఉంది. బండి ఇంటికొచ్చాక ఏం చేస్తారమ్మా?"

"పొగలు కక్కుతూ వస్తుందా, ఈయనకి పట్టదు. నేనే బానెట్ ఎత్తి రెండు బకెట్ల చన్నీళ్లు పోస్తాను."

మెకానిక్ స్కేలు తుడవసాగాడు. స్కేలుని అంత శ్రద్ధగా తుడిచే మనిషిని నేనెక్కడా చూడలేదు.

"కాలే ఇంజన్ మీద చన్నీళ్లు పడితే వంగుతుందమ్మా," అన్నాడు చివరికి. "చదును చేయించాలంటే రెండు రోజులు."

మా ఆయన ఇప్పుడు మొదలుపెడతారనుకున్నాను. "పెట్టెలు నీడలోకి దించుదాం పద," అన్నారు. అంతే.

సిగ్గుతో చచ్చిపోతూ దించాను. అడుగు పెట్టెల్లోంచి అప్పటికే రసం కారుతోంది. నలభయ్యో పెట్టె దగ్గర ఇక ఆగలేక అడిగాను, "ఒక్క మాటైనా అనరేం?"

ఆయన పెట్టె దించి, నడుం నిమురుకున్నారు.

"నీళ్లు పొయ్యొద్దని మొదటి గాస్కెట్ పోయినప్పుడే చెబుదామనుకున్నాను. నువ్వు మాట్లాడుతున్నావు."