మూడో పెట్టె సంఘం

టికెట్ లేకుండా రైలెక్కే మామూలు దొంగ మీద టీసీకి పెద్ద కోపం లేదు. వాడు తలుపు దగ్గరే నిలబడతాడు, చూపంతా ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది, నల్లకోటు కనపడగానే మరుగుదొడ్లో దూరతాడు. వాడికి కనీసం భయం ఉంది. టీసీకి ఒళ్లు మండేది మూడో పెట్టెవాళ్లను చూస్తేనే. వాళ్లు దర్జాగా కూర్చుంటారు. ఇస్త్రీ చొక్కాలు, ఒళ్లో క్యారేజీలు, చేతిలో పేపరు. లంచాలు ఎవరు తింటున్నారో, రోడ్డు వేయకుండానే బిల్లు ఎవరు ఎత్తుకున్నారో దిగేదాకా మాట్లాడుకుంటారు. ఒక్కరి దగ్గరా టికెట్ ఉండదు.

వాళ్లకొక సంఘం ఉంది. బోర్డు ఒక్కటే తక్కువ. నెల మొదట్లో తలా కొంత ఒక పాత పౌడరు డబ్బాలో వేస్తారు. సీజన్ టికెట్‌తో పోలిస్తే అది చిల్లర. ఎవరైనా పట్టుబడితే జరిమానా రసీదు తెచ్చి చూపించాలి, డబ్బాలోంచి ఆ సొమ్ము ఇస్తారు. టీసీ ఎక్కడం చూసినవాడు కిటికీ ఊచకు తువ్వాలు కట్టాలి. అది చూసి తక్కినవాళ్లు వెనక పెట్టెల్లోకి సర్దుకోవాలి. సంఘానికి ఒకటే గట్టి నియమం: సభ్యుడు టికెట్ కొనకూడదు. టికెట్ ఉన్నవాడికి భయం ఉండదు, భయం లేనివాడు తువ్వాలు కట్టడు. కొన్నట్టు తెలిస్తే గెంటేస్తారు.

ఈ నియమం పెట్టినవాడు, డబ్బా దాచేవాడు, అందరి చేత ప్రెసిడెంటుగారని పిలిపించుకునేవాడు టీసీకి స్వయానా బావమరిది. చచ్చిపోయిన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఏదో గోడౌన్‌లో గుమాస్తా.

ఆ సంగతి పై ఆఫీసరు చెవిన పడింది.

"మూడో పెట్టె మీ చుట్టాలదంటగా?" అన్నాడు ఆఫీసరు, తల ఎత్తకుండా.

"ఒక్కడే సార్ చుట్టం. వాణ్ణీ వదిలిపెట్టలేదు. దొరకడం లేదు."

"అందరూ దొరుకుతారు, మీ బావమరిది ఒక్కడూ దొరకడు. వినేవాడికి ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పు."

ఆఫీసరు కలం మూత పెట్టి తల ఎత్తాడు.

"ఈ వారంలో అతని పేర ఒక్క రసీదు నా బల్ల మీదికి రావాలి. రాకపోతే నిన్ను రైలు మీద నుంచి తీసేస్తా. స్టేషను గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ల టికెట్లు చూసుకో."

గేటంటే టీసీకి చిన్నతనం మాత్రమే కాదు. గేటు కదలదు. భార్య పోయినప్పటి నుంచి కదలనిదేదీ ఆయనకు పడటం లేదు. ఇంట్లో స్టవ్ ఒకచోటే ఉంటుంది, మంచం ఒకచోటే ఉంటుంది, ఆవిడ చెప్పులు తలుపు వెనక ఒకచోటే ఉన్నాయి. రైల్లో అయితే చక్రాల మోతలో ఏదీ తలకెక్కదు. చూడటానికి మోసగాళ్లు ఉంటారు, తిట్టుకోవడానికి కావలసినంత సరుకు ఉంటుంది. ఆ రైలు కూడా పోతే ఆయనకు మిగిలేది ఆ ఇల్లే.

మర్నాడు టీసీ ప్లాట్‌ఫారం మీద ఎక్కలేదు. బండి ఇంకా యార్డులో ఉండగానే పట్టాలు దాటి వెళ్లి మూడో పెట్టె ఎక్కాడు. కోటు కూరగాయల సంచిలో కుక్కాడు. సామాన్లు పెట్టే పైబల్ల మీదికి, మోకాళ్లు పట్టేస్తుంటే తిట్టుకుంటూ పాకాడు. ముసుగుతన్ని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసు చేసి చివరికి మూటలా పైబల్ల మీద పడి ఉండవలసి వచ్చింది. ఎవరి కోసం? ఆ వెధవ కోసం.

బండి ప్లాట్‌ఫారం మీదికి రాగానే సంఘం ఎక్కింది. ఎవరి చోట్లో వాళ్లు కూర్చున్నారు, తాతలనాటి ఆస్తిలాగా. పైన ముసుగు వంక ఎవరూ చూడలేదు. బండి కదిలింది.

"ప్రెసిడెంటుగారూ," అంది ఒక ఆడమనిషి. బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టే ఆవిడ. సంఘంలో అందరికీ అక్క. "నేను రసీదు ఇచ్చి ఎన్నాళ్లయింది? నా డబ్బు ఎప్పుడిస్తారు?"

"నీ డబ్బు ఎక్కడికి పోతుందక్కా? డబ్బాలో భద్రంగా ఉంది. లెక్కలు చూస్తున్నాం."

"డబ్బా మూత తీసి చూడ్డానికి ఇన్నాళ్లా?"

"మూత తుప్పు పట్టిందేమోనక్కా," అన్నాడు పళ్ల వ్యాపారి. "కాస్త నూనె చుక్క వేయండి ప్రెసిడెంటుగారూ!"

అందరూ నవ్వారు. బావమరిది కూడా నవ్వి, అందరికంటే ముందు ఆపేశాడు.

"నవ్వండి, నవ్వండి. మనలో మనకు నమ్మకం లేకపోతే సంఘం ఎందుకు? నేనేనాడైనా టికెట్ కొన్నానా? మీతో పాటు నేనూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరగడం లేదా?"

"మీకేం భయం లెండి. ఆ ముల్లుకర్ర మీ బావగారేగా!" అన్నాడు పళ్ల వ్యాపారి.

ముల్లుకర్ర అంటే తనేనని టీసీకి తెలుసు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం కూడా.

"అదీ మాట," అన్నాడు బావమరిది. "నా వైపు చెయ్యి చాపమను చూద్దాం. చచ్చేముందు మా అక్క ఆయన చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. నా తమ్ముణ్ణి ఏమీ అనకు అని ఒట్టు పెట్టించుకుంది. నేను పక్కనే ఉన్నా."

ముసుగులో టీసీ కళ్లు తెరిచాడు.

చివరి రోజుల్లో ఆవిడకు నోట మాటే లేదు. గొంతులో గొట్టం ఉంది. తమ్ముడు ఆసుపత్రికి వచ్చింది ఒకే ఒకసారి. కమలాపళ్లు తెచ్చాడు. స్టూలు మీద కూర్చుని, ఆవిడ ఏదీ మింగలేకపోతోందని నర్సు చెప్తుంటే తల ఊపుతూ, ఒక్కొక్కటే ఒలుచుకుని తనే తిన్నాడు. తొక్కలు మంచం కింద వదిలేసి, బండికి టైమైందని లేచాడు. ఆ తొక్కలు ఎత్తింది టీసీ.

పైబల్ల మీద నుంచి ముందు రెండు కాళ్లు దిగాయి. తర్వాత దుప్పటి జారింది. తర్వాత మనిషి దిగాడు. సంచిలోంచి కోటు తీసి, దులిపి, తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. తువ్వాలు కట్టవలసినవాడు దాన్ని చేతిలోనే పట్టుకుని నోరు తెరుచుకు కూర్చున్నాడు.

"కట్టు బాబూ," అన్నాడు టీసీ. "ఆరితే మళ్లీ ముఖం తుడుచుకోవడానికి పనికొస్తుంది."

బండి ఇప్పట్లో ఆగదు. టీసీ ఒక చివర నుంచి మొదలుపెట్టాడు. ఆయన టికెట్ అని నోటితో అడగడు. చెయ్యి చాపి, ఎదుటివాడి చెయ్యి వంక చూస్తాడు. టికెట్ ఉన్నవాడి చెయ్యి మనిషి ఆలోచించే లోపే జేబు మీదికి పోతుంది. లేనివాడి చెయ్యి తల గోక్కోవడానికి పోతుంది. ఆ వేళ పెట్టెలో అందరికీ తల దురదే. అయినా కంగారు పడ్డవాడు లేడు. డబ్బా ఉంది కదా.

"రాయండి సార్, రాయండి," అన్నాడు పళ్ల వ్యాపారి. "అక్షరాలు మాత్రం అర్థమయ్యేట్టు రాయండి. మా ప్రెసిడెంటుగారికి చూపించాలి."

రసీదులు చింపి ఇస్తూ టీసీ బావమరిది దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

బావమరిది కుడిచెయ్యి తిన్నగా చొక్కా లోపలికి పోయింది. పోయి, వేడి గిన్నె తగిలినట్టు ఆగింది. వెనక్కు వచ్చి తల గోక్కుంది.

టీసీ ఆ చొక్కానే చూస్తున్నాడు. లోపలివైపు నీలం దారంతో కుట్టిన జేబు. అది తన భార్య కుట్టు. దొంగలు కొట్టేయకుండా భర్త చొక్కాలకు కుట్టినట్టే తమ్ముడి చొక్కాలకూ కుట్టి ఇచ్చేది.

"బావా, ఒక్కసారి ఇటు రా," అన్నాడు బావమరిది మెల్లగా, తలుపు వైపు నడుస్తూ.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర, చక్రాల మోతలో, టీసీ అడిగాడు: "జేబులో ఏముంది?"

"ఏమైతే ఏం బావా? ఫైన్ రాసేయ్."

"ఏముంది?"

బావమరిది వెనక్కు చూశాడు. "సీజన్ టికెట్. పట్టుబడితే గోడౌన్‌లో ఊరుకోరు బావా. పిల్లలు గలవాణ్ణి."

"డబ్బాలో సొమ్ముతోనా?"

బావమరిది చొక్కా గుండీ సర్దుకున్నాడు. టీసీకి జవాబు అక్కర్లేదు. వాళ్లందరి చందాతో తను టికెట్ కొనుక్కుని, భయం వాళ్లకు వదిలేశాడు. సొంత సంఘం మీద నమ్మకం లేని ప్రెసిడెంటు!

"చూపించకపోతే లేనట్టే కదా బావా? అది మీ రూలే కదా?" బావమరిది గొంతు ఇంకా తగ్గించాడు. "నీకు నా పేర రసీదు కావాలి. గేటు సంగతి నేనూ విన్నాలే. నాకూ రసీదే కావాలి. అందరికీ రాసి నన్ను వదిలేస్తే వీళ్లు నన్ను బతకనివ్వరు. ఇద్దరికీ పని జరుగుతుంది. రాసేయ్."

వెధవ చెప్పింది నిజమే. చూపించని టికెట్ లేనట్టే. రూలు తప్పు పట్టదు, ఆఫీసరు తప్పు పట్టడు, రైలు మిగులుతుంది. టీసీ రసీదు పుస్తకం గోడకు ఆనించి రాయడం మొదలుపెట్టాడు. బావమరిది పేరు సగం రాశాడు.

"ఏంటి ప్రెసిడెంటుగారూ," అని కేకేసింది మిషను కుట్టే ఆవిడ. "మీక్కూడా రాస్తున్నారా?"

బావమరిది ఛాతీ విరుచుకున్నాడు. "రాయనీ అక్కా! సొంత బావైనా సరే, నేను దణ్ణం పెట్టను. సంఘం కోసం ఎంతకైనా సిద్ధం!"

పెట్టెలో చప్పట్లు పడ్డాయి.

టీసీ చేతిలో కలం ఆగింది. ఈ రసీదు పటం కట్టించుకుని గోడకు తగిలించుకుంటాడు వీడు. తన చేత్తో రాసిన కాగితం. దాన్ని చూపించి మరో పదేళ్లు చందాలు వసూలు చేస్తాడు.

సగం రాసిన కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు.

"టికెట్ తియ్యి," అన్నాడు, పెట్టెంతా వినపడేట్టు.

"బావా..."

"టికెట్ ఉన్నవాడికి జరిమానా రాసే అలవాటు నాకు లేదు. తీస్తావా, వచ్చే స్టేషన్లో పోలీసుల ముందు తీస్తావా?"

చప్పట్లు ఆగిపోయాయి. బావమరిది చెయ్యి లోపలికి పోయి ప్లాస్టిక్ కవరుతో బయటికి వచ్చింది. అందులో ఈ నెల టికెట్, దాని వెనక పోయిన నెలది, దాని వెనక అంతకు ముందుది. పారేసే చోట ఎవరైనా చూస్తారని భయం కాబోలు, అన్నీ దాచుకున్నాడు. టీసీ ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసి, గట్టిగా చెప్పాడు.

"సరిగ్గా ఉంది. చెల్లుతుంది. ఈ పెట్టెలో టికెట్ ఉన్నది మీ ప్రెసిడెంటుగారి దగ్గరే."

హత్య చేసినవాణ్ణి చూసినట్టు చూశారందరూ.

"టికెట్ కొన్నావా!" అన్నాడు పళ్ల వ్యాపారి. "మమ్మల్ని దొంగల్ని చేసి నువ్వు టికెట్ కొన్నావా!"

"మిమ్మల్ని ఎవరూ చెయ్యలేదు," అన్నాడు టీసీ.

"సార్, చూశారా ఈ మోసం?" మిషను కుట్టే ఆవిడ ఆయన కోటు పట్టుకున్నంత పని చేసింది. "నా డబ్బు తిన్నాడు సార్. మీరే న్యాయం చెప్పాలి."

"టికెట్ కొనుక్కో అమ్మా," అన్నాడు టీసీ. తర్వాతి పెట్టెలోకి వెళ్లిపోయాడు.

వెనక ఎవరిదో చెంప పగిలిన చప్పుడైంది. ఆయన తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం ఆఫీసరు రసీదుల కట్ట తిరగేశాడు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. "మీ బావమరిదిది ఏది?"

"అతని దగ్గర టికెట్ ఉంది సార్."

"మరి ఇదేంటి? పేరు సగం రాసి కొట్టేశావు."

"రాశాను. కొట్టేశాను."

ఆఫీసరు కుర్చీలో వెనక్కు వాలి నవ్వాడు. "పెళ్లాం పోయినా బావమరిదిని వదులుకోలేకపోయావన్నమాట." పక్క బల్లలవాళ్లూ నవ్వారు. టీసీ వాళ్లకు సంగతి చెప్పలేదు. ఈ ముఖాలకు చెప్పడం దండగ.

ఆ వచ్చే వారం గేటు దగ్గర నిలబడ్డాడు.

సంఘం చెదిరిపోయింది. బుద్ధి వచ్చి కాదు. మిషను కుట్టే ఆవిడ సీజన్ టికెట్ తీసుకుంది, ఆయన వంక చూడకుండా చూపించి పోతుంది. తక్కినవాళ్లు ప్లాట్‌ఫారం చివర గోడ కూలిన చోట నుంచి బయటపడుతున్నారు. అందులో సగంమంది పళ్ల వ్యాపారి పెట్టిన కొత్త సంఘంలో చేరారట.

బావమరిది మాత్రం రోజూ గేటు నుంచే వస్తాడు. పక్కన ఎవరూ ఉండరు. గోడ వైపు పోతే వాళ్లు తంతారు. మొదటి రోజు తల ఊపి దాటబోయాడు.

"టికెట్," అన్నాడు టీసీ.

"రోజూ ఉండేదే కదా బావా."

"తియ్యి."

అప్పటి నుంచి రోజూ ఇంతే. టీసీ టికెట్ తీసుకుని పేరు చదువుతాడు, తేదీ చదువుతాడు, తిప్పి వెనకవైపు చూస్తాడు. వెనక క్యూ పెరుగుతుంది, జనం విసుక్కుంటారు, ఎవరో బావమరిదినే తిడతారు. టీసీ తొందరపడడు. ఆయనకు ఇంటికి వెళ్లే పనేమీ లేదు.

రోజూ తీసి పెట్టడంతో ఆ లోపలి జేబు ఒక మూల కుట్టు ఊడింది. నీలం దారం కొస బయటికి వేలాడుతోంది. టీసీ దాన్ని కాసేపు చూశాడు.

టికెట్ వెనక్కు ఇచ్చేసి, చెయ్యి పక్కకు చాపాడు.

"తర్వాత."