బొగ్గుల గదికి రంగేసిన సంగతి

నేను చదివింది నాలుగో తరగతి. మూడో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి ఐదు చదివినట్టే లెక్క. ఇది రాస్తున్నది మా మనవరాలు. నేను ఒక మాట చెప్పి రెండో మాట వెతుక్కునేలోపు అది రెండు గోళ్ళు కొరికేస్తుంది. అక్షరదోషాలుంటే దానివి, అసలు దోషం మాత్రం నాది.

నేను పని చేసింది అణు విద్యుత్ కేంద్రంలో. ఆ మాట వినగానే నేనేదో పెద్ద బల్ల ముందు కూర్చుని మీటలు నొక్కానని అనుకునేరు. నా పని గాలి వడకట్టడం. రియాక్టరు మీద గుమ్మటంలాంటి పెద్ద కాంక్రీటు కట్టడం ఉంటుంది. దాని లోపలి గాలి లోపలే ఉండాలి. ఏడాదికోసారి రియాక్టరు ఆపి మరమ్మతులకి మనుషులు లోపలికి వెళ్తారు కదా, అంతకుముందు ఆ గాలిని ఫ్యాన్లతో లాగి, వడకట్టి, పొడుగాటి చిమ్నీలోంచి బయటికి వదులుతారు. మొదట మడతలు మడతలుగా ఉండే కాగితం ఫిల్టర్లు దుమ్ము పట్టేస్తాయి. కానీ లోపల అయోడిన్ అని ఒక వాయువు ఉంటుంది. అది కాగితానికి దొరకదు. బయటపడితే మనిషి గొంతులో ఉండే గ్రంథిలో చేరి తిష్ట వేస్తుంది, చిన్నపిల్లలకైతే మరీ ప్రమాదం. దాన్ని పట్టేది బొగ్గు. పొయ్యిలో బొగ్గు కాదు, మందు పట్టించిన నల్లటి గింజలు. డెబ్బై రెండు ట్రేల నిండా ఉండేవి. ఆ ట్రేలకి కాపలా నేను. అందుకే నన్ను అందరూ బొగ్గుల మామ అనేవాళ్ళు.

ఇరవై రెండేళ్ళు ఆ గదిలో ఉన్నాను. ఉన్నకొద్దీ నాకు కాస్త తల తిరిగింది. ఈ ఊరివాళ్ళు పీల్చే ప్రతి గుక్కా నా చేతి మీదుగా పోవాల్సిందేనని ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాణ్ణి. మీటర్లు ఎందుకు, నా ముక్కు చాలు అనేవాణ్ణి. మా ఆవిడ మాత్రం నమ్మేది కాదు. ఒకసారి మా వంటింట్లో పొగ లాగే ఫ్యాను పాడైతే నేనే విప్పి బిగించాను. అది పొగని బయటికి పంపే బదులు బయట దుమ్ముని లోపలికి తెచ్చి కూరలో పోసింది. అప్పట్నుంచి ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే, "ఊరందరి గాలీ వడకడతారు, మా ఇంట్లో తప్ప" అనేది.

ఆ ఏడు మరమ్మతులకి ముందు ఒక పైపు జాయింటు దగ్గర ఆవిరి కారింది. లోపల అయోడిన్ మామూలు కన్నా ఎక్కువ ఉందన్నారు. అయితే ఏం, బొగ్గు ఉందిగా. బుధవారం పైనుంచి తనిఖీ వాళ్ళు రావడం, గురువారం పొద్దున పదింటికి గాలి వదలడం, ఆ తర్వాత మూడు వందల మంది లోపలికి దిగడం అని ఏర్పాటు. ఆ మూడు వందల్లో మా అల్లుడొకడు, పైపులు వెల్డింగు చేసేవాడు. మా ఇళ్ళు చిమ్నీకి గాలివాటున ఉండేవి. మా అమ్మాయి ఇల్లు మాకు రెండు గుమ్మాల అవతల. దానికప్పుడు ఆరో నెల. ఆ కడుపులో ఉన్నది ఇప్పుడు నా ఎదురుగా గోళ్ళు కొరుకుతున్న మనిషే.

తనిఖీ అనగానే నాకు గది మీద ప్రేమ పుట్టింది. గోడలు వెలిసిపోయి చూడ్డానికి చిరాగ్గా ఉన్నాయి. పెళ్ళిచూపులకి పిల్లని చిరిగిన బట్టల్లో కూర్చోబెడతామా? ఆదివారం ఎవరూ ఉండరని చూసుకుని రంగు వేద్దామనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారేమోనని కాదు, వాళ్ళని ఆశ్చర్యపరుద్దామని. స్టోరు కీపరు మా బావమరిది. వాడి దగ్గర గేట్లకి వేసే ఆకుపచ్చ రంగు రెండు డబ్బాలు మిగిలి ఉన్నాయి. ఇది ఘాటు ఎక్కువ బావా, తల తిరుగుతుంది అన్నాడు. నా తల తిరిగి చాలా ఏళ్ళయిందిలే, ఇవ్వు అన్నాను.

నిజంగానే ఘాటు. మూత తీయగానే కళ్ళు మండాయి. ఆ గదిలో ఒక జాలీ తలుపు ఉంది. ఫ్యాన్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి గుమ్మటం గాలికి బదులు గది గాలినే లాగిస్తాం, అందుకని. నేను జాలీ తెరిచి ఫ్యాను పూర్తి జోరులో పెట్టాను. ఘాటంతా సర్రున పోయింది. ఎంత తెలివైనవాణ్ణో అనుకుని నవ్వుకున్నాను కూడా. మధ్యలో మెట్లెక్కి, చిమ్నీకి వెళ్ళే గొట్టానికి ఉండే చిన్న కుళాయి తిప్పి ముక్కు పెట్టి చూశాను. ఒక్క పిసరు రంగు వాసన లేదు. అంత ఘాటునీ నా బొగ్గు మింగేసింది. కన్నకొడుకు పరీక్ష పాసైనట్టు పొంగిపోయాను.

గోడలన్నీ అయ్యాయి. తలుపు పక్కన ఒక మేకు, మేకు వెనకాల ఒక రేకు బోర్డు ఉండేవి. ఇరవై రెండేళ్ళుగా నా కోటు ఆ మేకుకే తగిలించేవాణ్ణి. కోటు తీసి చూస్తే బోర్డు మీద అక్షరాలు పెచ్చులూడి అసహ్యంగా ఉన్నాయి. దానికీ రెండు పూతలు వేశాను.

బుధవారం తనిఖీ పెద్దాయన వచ్చాడు. గోడ మీద వేలు రాసి, ఆ వేలు చూసుకుని, ఇంత శుభ్రమైన ఫిల్టరు గది ఎక్కడా చూడలేదన్నాడు. ఈ పెద్దమనిషికి ప్రశంసాపత్రం ఇవ్వాలి అని తన పుస్తకంలో రాసుకున్నాడు. నా ఛాతీ కోటు గుండీలు తెంపుకునేలా ఉంది. అప్పుడే మా షిఫ్టు ఇంజనీరు నా పక్కకొచ్చి, ఫ్యాను ఆపే వేశావు కదా అని మెల్లిగా అడిగాడు. ఎందుకు అడిగాడో నాకు తెలీదు. పెద్దాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. నేను "ఆఁ" అన్నాను. జీవితంలో నేనాడిన అబద్ధాలన్నిటిలోకీ చిన్నది అదే.

ఆ సాయంత్రం అమ్మాయీ అల్లుడూ మా ఇంట్లోనే తిన్నారు. తింటూ తింటూ నేను ప్రశంసాపత్రం సంగతి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారికి కొత్తగా ఉంటుందని కుళాయి దగ్గర వాసన చూసిన సంగతి ఎత్తుకున్నాను. గది నిండా ఘాటు, బయట మాత్రం పిసరు వాసన లేదు, అదీ నా బొగ్గు అన్నాను. అల్లుడు పాపం అన్నిటికీ తలూపుతున్నాడు. మా ఆవిడ గిన్నెలు సర్ది, అల్మరాలోంచి చిన్న గుడ్డమూట తీసింది. తిండి వాసనలు పట్టకుండా అల్మరాలో నాలుగు పొయ్యి బొగ్గులు మూటకట్టి పెట్టమని ఎప్పుడో నేనే చెప్పాను. అప్పట్నుంచి ఆవిడ నెలకోసారి పాతవి పారేసి కొత్తవి కడుతుంది.

మూట విప్పుతూ, "బయటికి రాకపోతే ఆ వాసన ఎక్కడికి పోయిందండీ?" అని అడిగింది.

"బొగ్గు పీల్చేసింది."

"నా బొగ్గు నెల రోజులు పీలిస్తే ఇంకేమీ పట్టదు. కడుపు నిండిపోతుంది, అందుకే పారేస్తున్నా. మీది నిండదా?"

అల్లుడు తలూపడం ఆపాడు. నేను ఏదో అనాలి కాబట్టి, ఆ బొగ్గు వేరు ఈ బొగ్గు వేరు అన్నాను. ఇరవై రెండేళ్ళు బొగ్గు పక్కన కూర్చున్నవాడు నేను. అల్మరా పక్కన నిలబడ్డ మనిషికి తట్టింది నాకు తట్టలేదు.

మర్నాడు ఆరింటికే గదికి వెళ్ళాను. కోటు తీసి, ఇన్నాళ్ళూ అక్కడేం రాసుందో చూద్దామని ఇంటి తాళంచెవితో బోర్డు మీద రంగు గీకాను. ఒక్కో అక్షరమే బయటికొచ్చింది. నేను చదివే వేగానికి అది సరిపోయింది. "ఫ్యాను నడుస్తుండగా ఇక్కడ రంగులు, వార్నిషులు వాడరాదు. బొగ్గు పాడవును." ఇరవై రెండేళ్ళుగా నా కోటు చదువుకుంటున్న బోర్డు అది.

మెచ్చుకోదగ్గ పని ఏమీ చెయ్యలేదు నేను అప్పుడు. కోటు మళ్ళీ ఆ మేకుకే తగిలించాను. దాని ముందు నిలబడి లెక్కలు వేసుకున్నాను. డెబ్బై రెండు ట్రేలకి రెండు డబ్బాల రంగు ఏపాటి? బొగ్గు పాడైందని ఎవరు చూశారు? నిన్న మెచ్చుకున్న పెద్దాయన మొహం ఏమవుతుంది? ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకెవరు గాలి వడకట్టమంటారు? ఇలా తొమ్మిది దాటేదాకా నన్ను నేను గెలిపించుకుంటూ ఉన్నాను.

అక్కణ్ణుంచి ఇంజనీరు గదికి వెళ్ళాలంటే రెండు కట్టడాల మధ్య ఉన్న పై వంతెన దాటాలి. వెళ్ళాలని కాదు, ఊపిరాడక అటు నడిచాను. వంతెన మీంచి మా ఇళ్ళు కనిపిస్తాయి. మా ఆవిడ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఎర్ర తువాలుని బట్టి గుర్తుపట్టాను. పక్కన గోడకి ఆనుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని మా అమ్మాయి. తల ఎత్తితే చిమ్నీ. అక్కణ్ణుంచి అటే గాలి.

ఇంజనీరు ఫోన్లో ఉన్నాడు. పెట్టేసేదాకా ఆగితే ధైర్యం పోతుందని అలాగే చెప్పాను.

"సార్, ఫ్యాను ఆపలేదు."

"ఏ ఫ్యాను?"

"ఆదివారం రంగేసినప్పుడు. జాలీ కూడా తెరిచే ఉంచాను."

ఆయన ఫోను చేత్తో మూశాడు. "నిన్న అడిగితే ఆఁ అన్నావు?"

"పెద్దాయన ముందు కాదంటే బాగోదని అన్నాను సార్."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నన్ను చూస్తూనే ఫోన్లో, పదింటి పని ఆపెయ్యండి అన్నాడు. గోడ గడియారంలో పదికి పన్నెండు నిమిషాలు తక్కువ.

లాబ్ మేడం వచ్చి ట్రేల పక్కన ఉండే నమూనా గొట్టం విప్పి, అందులో బొగ్గు తీసుకెళ్ళింది. రెండు రోజులు పట్టింది. వచ్చి చెప్పింది: నూటికి తొంభై తొమ్మిది పట్టాల్సిన బొగ్గు డెబ్బై నాలుగే పడుతోందట. నా జన్మలో డెబ్బై నాలుగు మార్కులు నాకు రాలేదు.

"డెబ్బై నాలుగంటే బాగానే వచ్చినట్టు కదమ్మా" అన్నాను.

"మిగతా ఇరవై ఆరూ మీ ఇళ్ళ మీదికే మామా" అంది.

ఆ తర్వాత ఆ మేడం ముందు మార్కుల మాట ఎత్తలేదు.

డెబ్బై రెండు ట్రేలు, ఒక్కోటి నలభై కిలోలు. పాతవి దించి కొత్తవి ఎక్కించడానికి తొమ్మిది రోజులు. మూడు వందల మంది పని లేక ఆవరణలో కూర్చున్నారు. నేను ఆ పక్కగా పోతే, మామా మా గేటు కూడా పాతబడింది, వచ్చే ఆదివారం ఖాళీయేనా అని ఒకడు, కోటుకి కళ్ళద్దాలు కొనివ్వు మామా అని ఇంకొకడు. మా అల్లుణ్ణి కూడా ట్రేలు మొయ్యడానికి వేశారు. నాకు అవతలి కొస పట్టుకుని మాట్లాడకుండా మోసేవాడు. ఆరో రోజున మాత్రం, "మామయ్యా, మా ఇంటికి మటుకు సున్నం వేయించుకుంటాం" అన్నాడు. అంతే.

ఆ వారంలోనే ఆఫీసు నుంచి నాకొక కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు. ఒకటి గదిని శుభ్రంగా ఉంచినందుకు ప్రశంసాపత్రం. రెండోది అదే గదికి రంగు వేసినందుకు మెమో, ఏడాది పాటు జీతం పెరగదని. ఏ కాగితం ఏ బల్ల మీంచి వచ్చిందో ఆ బల్లలు ఒకదాన్నొకటి చూసుకున్నట్టు లేవు. రెండింటి మీదా సంతకం ఒక్కరిదే. మేకుని ఎదురు గోడకి మార్చమన్నారు, మార్చాను. బోర్డు మళ్ళీ రాయించారు. ఈసారి రంగు కాదు, రేకులోనే చెక్కించారు, నా భయానికి.

పదో రోజు పొద్దున గాలి వదిలారు. లాబ్ మేడం మీటరు దగ్గర కూర్చుని పావుగంటకోసారి అంకె చదువుతుంటే నేను పక్కన నిలబడి రాశాను. మెల్లిగా రాస్తానని ఆవిడ రెండేసిసార్లు చెప్పింది. అయోడిన్ ఎంత ఉండొచ్చో దానికి చాలా దిగువనే ఉంది. మధ్యలో అలవాటుగా కుళాయి వైపు నడిచాను. ఆవిడ తల ఎత్తకుండానే, "మామా, దానికి వాసన ఉండదు" అంది. ఇరవై రెండేళ్ళ ముక్కుని తీసుకుని వెనక్కొచ్చి నిలబడ్డాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ డాబా మీద ఉంది. తీగ నిండా బట్టలు. ఇవాళ గాలి వదులుతున్నారని తెలుసు కదా, ఒక్కరోజు ఆరెయ్యకపోతే ఏమైంది అన్నాను.

"మీరు వెళ్ళి చెప్పేశారుగా, ఇంకేం భయం" అంది. అని మరో బట్ట దులిపి తీగ మీద వేసింది. అది నా చొక్కా. ఆదివారం నాటి ఆకుపచ్చ మరక ఎంత ఉతికినా పోలేదు. దాన్ని మాత్రం వీధిలోకి కనిపించేలా, ముందువైపు తిప్పి ఆరేసింది.