ఆరుగురికి సరిపోయే గిన్నె

"ఆ మూత జారి పిల్లదాని కాలి మీద పడిందనుకోండి, వేళ్ళు మిగులుతాయా?"

గిన్నె కొనలేదు. కొట్లోకి అడుగైనా పెట్టలేదు. అద్దాల వెనక అరలో అది నల్లగా కనిపించిందో లేదో, తల్లి నోటి నుంచి ఆ మాట ఊడిపడింది.

"ఇంకా కొనలేదమ్మా," అంది కూతురు.

"కీడెంచి మేలెంచమన్నారే."

"నువ్వు కీడెంచే దగ్గరే ఆగిపోతావు. మేలు దాకా ఎప్పుడొచ్చావు?"

బస్సు డిపోలో మెకానిక్ అయిన తండ్రి నవ్వాడు గానీ, భార్య వైపు చూడలేదు. ఆమె నాలిక కరుచుకుంది. ఈసారి నోరు కుట్టేసుకుంటానని తనకు తానే ఒట్టేసుకుని వచ్చింది మరి.

రెండేళ్ళ కిందట ఇంటిల్లిపాదీ అడవి అంచున గుడారాలు వేసుకున్నారు. పొయ్యి మీద కూర కుతకుతలాడుతుండగా గాలి కాస్త ఈలవేసింది. అంతే, చెట్లు విరిగి మీద పడతాయని ఆమె గోల పెట్టి గుడారాలు పీకించింది, సగం ఉడికిన కూర పారబోయించింది. బళ్ళు రోడ్డెక్కేలోపే గాలి పడిపోయింది. ఆకలితో పిల్లలు దారంతా ఏడ్చారు. ఆ రోజు నుంచి మనవలకి ఆమె 'అంబులెన్సు అమ్మమ్మ'. గుడారం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇన్నాళ్ళకి మళ్ళీ వెళ్తున్నారని అల్లుడు మాటల్లో జారవిడిస్తే ఆమె ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఒక్కసారి అందరితో కలిసి ఆ మంట చుట్టూ కూర్చోవాలి. గాలి వీచినా నోరు మెదపకూడదు. ఆమె కోరికల్లా అదే. గిన్నె కొనడానికి బయల్దేరుతుంటే, ఎవరూ రమ్మనకుండానే చెప్పులేసుకుని బండెక్కి కూర్చుంది.

కొట్టు యజమానురాలు మూడు గిన్నెలు బల్ల మీద పెట్టింది.

"వీటినే డచ్ ఓవెన్ అంటారు. పోత ఇనుము. కింద కాళ్ళుంటాయి కాబట్టి బొగ్గుల మీద కదలకుండా నిలబడుతుంది. మూతకి ఈ అంచుంది చూశారా, పైన కూడా బొగ్గులు పెట్టుకోవచ్చు. ఎంతమందికి?"

"ఆరుగురికి," అన్నాడు భర్త.

"అయితే పది అంగుళాలది చాలు. మరీ పెద్దది కొంటే మోయలేరు. సగం ఖాళీగా పెడితే మాడుతుంది కూడా."

అంగుళాలూ లీటర్లూ తల్లికి పట్టవు. ఆమె కొలత పిడికిలి. మనిషికో పిడికిలి పట్టాలి. ఆ ఇంట్లో ఏ గిన్నె కొన్నా అలాగే కొన్నది. పది అంగుళాల గిన్నెలో చెయ్యి పెట్టి, పిడికిలి పక్కన పిడికిలి ఆనిస్తూ కొలవసాగింది.

"మీ నాన్నకి. నీకు. అల్లుడికి. పిల్లలకి చెరొకటి. తమ్ముడికి."

గిన్నె నిండిపోయింది. తన పిడికిలి ఎప్పుడూ ఆఖరిది. దానికి చోటు చాల్లేదు.

"ఇది చాలదండీ. ఆ పన్నెండు అంగుళాలది తీయమ్మా."

"ఇదే తీసుకుందాం," అన్నాడు భర్త.

"ఏడుగురం కదండీ."

"ఆరుగురికే చూడమన్నాను."

ఆయన లెక్క తప్పే మనిషి కాదు. ఎవరో రావట్లేదు. ఎవరికో ఏదో అయింది, తన దగ్గర దాస్తున్నారు.

"తమ్ముడికి సెలవివ్వలేదా?" అని కూతుర్ని అడిగింది.

"ఇచ్చారమ్మా."

"మీ చిన్నదానికి ఒంట్లో బాలేదా? నిన్న ఫోన్లో దగ్గింది."

"దానికేం, గుండ్రాయిలా ఉంది."

"మీ ఆయనా నువ్వూ విడిపోతున్నారా? నిజం చెప్పు."

"ఆయన బయట బండిలో పాటలు వింటున్నాడు, పిలవమంటావా?"

కూతురు కసురుకోలేదు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. భర్త వైపు తిరిగింది.

"మీరేనా? డాక్టరు ఏమన్నాడు? గుండెలో ఏమైనా..."

ఆయన మసి మరకల బొటనవేలితో మూత అంచు రుద్దుతూ నిలబడ్డాడు. కూతురు వీధి వైపు తిరిగిపోయింది. యజమానురాలు సరిగ్గానే ఉన్న గరిటెల్ని మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. ఎవరో వచ్చి తాడు కొనుక్కుని వెళ్ళారు. ఆమె మళ్ళీ వేళ్ళు మడిచింది. ఒక్కొక్కర్నే తలుచుకుంది. అందరూ ఉన్నారు. అందరూ ఉంటే మరి ఆరుగురెలా అవుతారు? ఎవరి సంగతి దాస్తున్నారు? ఇక అడగడానికి ఏ కీడూ మిగల్లేదు.

ఆయన మూత కింద పెట్టాడు.

"అందరూ బాగానే ఉన్నారు. నువ్వే రావట్లేదు. ఆ రెండు రోజులైనా మమ్మల్ని భయం లేకుండా ఓ ముద్ద తిననీ."