సరిపోయిన పన్నెండు

మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, చొక్కాకీ చొక్కాకీ మధ్య ఒక్కో లెక్క చూసుకోవడం నాకు అలవాటైంది. పెళ్ళై వెళ్ళేటప్పుడు మా అమ్మాయి వదిలేసిన గణిత విశ్లేషణ పుస్తకంలోవి ఆ లెక్కలు. "చొక్కా కాలిందంటే నీ లెక్కలన్నీ తేలుస్తా" అంటారాయన. లెక్కల మీద మోజుతో పట్టుకోలేదు నేను. ఆ పేజీల్లో మా పిల్ల పెన్సిలు గీతలున్నాయి, అందుకు.

ఆ పుస్తకంలో ఒకచోట ఒక వాక్యమిచ్చి, నిజమో కాదో తేల్చమన్నారు: రెండు హద్దుల మధ్యే ఉండే సంఖ్యల వరస ఏదైనా, పోగా పోగా ఒక విలువ దగ్గర కుదురుకుంటుంది. వారం రోజులు కూర్చుని పన్నెండు వరసలు రాశాను. ఒకటి, అర, పావు, అరపావు... సున్నా దగ్గర కుదురుకుంది. మిగతావీ అంతే. కింది వాటాలో ఉండే కాలేజీ లెక్కల టీచరుకి గర్వంగా చూపించాను.

ఆ పిల్ల నవ్వింది. "కుదురుకునేవే ఏరుకొచ్చారు పెద్దమ్మా. ఒకటి, మైనస్ ఒకటి, మళ్ళీ ఒకటి, మళ్ళీ మైనస్ ఒకటి. హద్దు దాటిందా? లేదు. కుదురుకుందా?"

"అదేం వరస, తిక్కది."

"తిక్కదైనా ఒక్కటి చాలు. మీ పన్నెండూ పక్కన పెట్టాల్సిందే. తప్పు వాక్యానిది, వరసది కాదు."

మెట్లెక్కుతూ సగంలో ఆగిపోయాను. మూడేళ్ళ కిందట మా అమ్మాయి అత్తారింటి నుంచి వచ్చి, పెట్టెతో గుమ్మంలో నిలబడి, "అక్కడ నావల్ల కావట్లేదమ్మా" అంది. "మీ మేనత్త సర్దుకోలేదా? పిన్ని సర్దుకోలేదా? ఓపిక పడితే ఎవరైనా సర్దుకుంటారు" అని వేళ్ళు మడిచి మరీ చెప్పాను.

"మరి నువ్వో?" అంది.

"నాకేం, నిక్షేపంగా ఉన్నాను."

ఆ సాయంత్రమే బస్సెక్కించాను. పెట్టె నేనే మోశాను, అది ఎక్కడ మనసు మార్చుకుంటుందో అన్న భయంతో. అప్పటినుంచి ఫోనులో ఎప్పుడడిగినా "బాగున్నా" అంటుంది, నా గొంతుతోనే.

ఇంట్లోకి రాగానే ఫోను తీశాను. మా ఆయన ఎదురు కుర్చీలో పేపరు చదువుతున్నారు. లోపలికెళ్ళి తలుపేసుకుందామనుకున్నాను. వెళ్ళలేదు.

"ఏంటమ్మా, ఈ వేళప్పుడు?"

"ఇంకా రావాలనుంటే వచ్చెయ్యవే. ఆ రోజు వేళ్ళు మడిచి చెప్పానే, వాళ్ళ సంగతి నాకు తెలీదు. నాది మాత్రం అబద్ధం."